వంగపండు రంగు పన్ను

నా పక్షాన ఉండాల్సింది పోయి తమ్ముడి పక్షాన చేరిన వదినకు,

నిన్న ఫోన్‌లో నువ్వు మాట్లాడావు, నేను ఊ కొట్టాను. ఎప్పుడూ అంతే కదా. నేను నోరు తెరిచేలోపు నువ్వు రెండో మాటకి వెళ్లిపోతావు, మూడో మాటకి పాలు పొంగుతున్నాయని పెట్టేస్తావు. అందుకే ఈసారి కాగితం తీశాను. కాగితం మీదైతే నా వంతు అయ్యేదాకా నువ్వు ఆగక తప్పదు. మధ్యలో "అది కాదే పిల్లా" అని నువ్వెంత అరిచినా నాకు వినిపించదు.

ఇంట్లోకి వచ్చిన సబ్బుబిళ్ల దగ్గర్నుంచి పోయిన గొడుగు దాకా అన్నీ రాసి పెడతానని నాకు చిట్టా అని పేరు పెట్టావు. సరే, ఆ పేరుకి తగ్గట్టు వరసగానే చెబుతాను.

పన్ను విరిగింది శనివారం మధ్యాహ్నం. అలమరలో సీసాలు తుడుస్తూ, నిలబడే నాలుగు వేయించిన వేరుశనగ గింజలు నోట్లో వేసుకున్నాను. టక్‌మంది. గింజల్లో రాయి ఉందనుకుని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. అరచేతిలోకి ఉమ్మి చూస్తే రాయి కాదు, నా పన్నులో ఒక మూల. ఎడమవైపు కింద, చివరి నుంచి రెండోది. నా పెళ్లికి ముందెప్పుడో అందులో వెండి రంగు సిమెంటు నింపించారు మా నాన్న. ఆ సిమెంటు అలాగే ఉంది, పక్కన గోడే పెళ్లగా ఊడింది. కుడివైపు సంగతి నీకు తెలిసిందే. అటు నమిలే పళ్లు లేవు, ఒక్కొక్కటిగా తీయించేశారు. ఇన్నేళ్లుగా నేను తిన్నదంతా ఈ ఎడమవైపే నమిలి తిన్నాను.

మీ తమ్ముడికి చూపించాను. టార్చి వేసి మరీ చూశారు, ఆ మర్యాదకి లోటు చేయలేదు. చూసి, "వెనక పన్నేగా, తీయించెయ్. ఎవరికి కనిపిస్తుంది?" అన్నారు. అని మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

"తీయించను" అన్నాను.

పేపరు కిందికి దిగింది. "ఎందుకు తీయించవు?"

"నాకు కావాలి కనక."

"విరిగిన పన్ను ఏం చేసుకుంటావు?"

"నములుతాను."

ఇంతే జరిగింది వదినా. దీనికే ఆయన నీకు ఫోన్ చేసి "దీనికేదో అయింది, నువ్వోసారి మాట్లాడు" అన్నారట. నాకేమీ కాలేదు. అలిగింది కూడా నేను కాదు, ఆయన. మీ తమ్ముడు అలిగితే భోజనం మానరు, మారు వడ్డించుకోరు. మూడు పూటలుగా కూర మిగిలిపోతోంది.

ఇది డబ్బు సంగతి కాదని నువ్వు కూడా ఒప్పుకుంటావు. మీ తమ్ముడు పిసినారి కాదు. ఆయన నోట్లోనే మూడు తొడుగులున్నాయి, మూడూ వెనక పళ్లకే, ఎవరికీ కనిపించనివే. మా అబ్బాయి కోరపన్ను కాస్త ముందుకొస్తే రెండేళ్లు తీగ కట్టించాం. మీ నాన్నగారు పోయేదాకా ఒక్క పన్ను పీకనివ్వలేదు, నరం తీయించుకున్నారు, తొడుగులు వేయించుకున్నారు. మరి మీ అమ్మగారు? మీ పిన్ని? నువ్వు? నేను? ఈ ఇంట్లో మగవాళ్ల పళ్లు బాగుచేయిస్తారు, ఆడవాళ్ల పళ్లు తీయిస్తారు. ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదిది. పైకి అన్నవాళ్లే లేరు, అందుకే కాదన్నవాళ్లు కూడా లేరు.

"అందరికీ జరిగిందే కదా, నీకేంటి ప్రత్యేకం?" అన్నావు నిన్న. చెబుతాను. ఇది నీకెప్పుడూ చెప్పలేదు, మీ తమ్ముడికీ చెప్పలేదు.

మా అబ్బాయి చిన్న క్లాసుల్లో ఉన్న రోజులు. నాకూ ఆయనకీ ఒకే వారంలో పన్ను నొప్పి పట్టుకుంది. ఇద్దరం కలిసే వెళ్లాం. పాత డాక్టరు, ముసలాయన. ఆ గదిలో రెండు కుర్చీలు, మధ్యలో గుడ్డ తెర. తెర అవతల ఆయన, ఇవతల నేను. డాక్టరు ముందు ఆయన్ని చూశాడు. "నరం తీసి తొడుగు వేస్తే పన్ను దక్కుతుంది సార్. నాలుగైదు సార్లు రావాలి" అన్నాడు. "అలాగే కానివ్వండి, పన్ను ముఖ్యం" అన్నారు ఈయన. తర్వాత నా దగ్గరికొచ్చాడు. నోట్లో అద్దం పెట్టాడు, చెంప పక్కన దూది కుక్కాడు, వేలితో పన్ను కదిపి చూశాడు. "మీదీ అలాంటిదేనమ్మా, దీన్ని కూడా దక్కించొచ్చు. ఏం చేద్దాం?" అన్నాడు.

నన్నే అడిగాడు వదినా. నా కళ్లలోకి చూసి అడిగాడు. నేను చెప్పబోయాను. నోట్లో దూది, అద్దం, అతని వేలు. "ఆ... ఆ..." అని మాత్రం వచ్చింది. తెర అవతల్నుంచి మీ తమ్ముడి గొంతు వినిపించింది. "తీసేయండి డాక్టర్. ఇంట్లో పనులతో ఆవిడకి ఇన్నిసార్లు రావడం కుదరదు."

తీసేశాడు.

ఇంటికొస్తూ దారిలో మీ తమ్ముడు నాకు ఐసు గడ్డ కొనిచ్చారు, రుమాల్లో చుట్టి చెంపకి పెట్టుకోమన్నారు. రెండు రోజులు ఇల్లు కూడా ఆయనే ఊడ్చారు. ఎంతో ప్రేమగా చూసుకున్నారు. ఆ ప్రేమ వల్లే నేను కోపం కూడా సరిగ్గా తెచ్చుకోలేకపోయాను. కానీ ఆ రోజు నేను చెప్పబోయిందేమిటో ఆయన అడగలేదు, డాక్టరు అడగలేదు, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కాబట్టి ఈ పన్ను తీయించను. ఇనుప సామాన్ల కొట్టు పైన కొత్తగా ఒక పళ్ల డాక్టరమ్మ వచ్చింది. మంగళవారం వెళ్తున్నాను, ఒక్కదాన్నే. మీ తమ్ముడికి చెప్పాలనుకుంటే చెప్పు. నేనూ చెప్పే వెళ్తాను.

నీ మరదలు,
చిట్టా



కోపంలో కూడా గుండ్రంగా రాయగలిగిన వదినకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు వాక్యాలే రాసినా నాలుగూ గట్టిగానే తగిలాయి. "ఈ వయసులో నీకు సోకేమిటి. నేను నలభై దాటకముందే అన్నీ తీయించుకున్నాను, నాకేమైంది. పెట్టుడు పళ్లతో హాయిగా ఉన్నాను. నువ్వూ నోరు మూసుకుని పీకించుకో."

నోరు మూసుకుని పీకించుకోవడం కుదరదు వదినా, డాక్టరు తెరవమంటారు.

సోకు సంగతికొస్తే, వెనక పన్ను ఎవరికీ కనిపించదు కనక తీయించెయ్యమంటారు మీ తమ్ముడు. బాగుచేయించుకుంటే సోకు అంటావు నువ్వు. ఎవరికీ కనిపించని సోకు ఎక్కడైనా ఉంటుందా? అక్కాతమ్ముళ్లిద్దరూ ముందు ఒక మాట మీదికి రండి.

మంగళవారం వెళ్లాను. కింద గొలుసులు, మేకులు అమ్ముతుంటారు, మెట్లెక్కితే పైన ఈ ఆస్పత్రి. ఎదురుచూసే గదిలో గోడకి బదులు ఒకవైపు పెద్ద అద్దం. అద్దం అవతల తెల్లటి పెట్టెలాంటి మిషను ఒకటి, పక్కన మన వంటింటి ఓవెనంత చిన్న కొలిమి. పళ్లు అక్కడే తయారవుతాయట. డాక్టరమ్మ మా అబ్బాయి కంటే కాస్త పెద్దదేమో, అంతే. కుర్చీలో కూర్చోగానే పళ్లు చూసే చిన్న అద్దం చేతిలోకి తీసుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నా నోట్లో ఏదైనా పెట్టకముందే ఒక మాట చెప్పాలమ్మా. ఈ పన్ను నాకు కావాలి. ఉంచడానికి వీల్లేకపోతే ఎందుకు వీల్లేదో చూపించు. నోరు తెరిచాక మాత్రం నన్నేమీ అడగొద్దు."

నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. అద్దం కింద పెట్టి మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. "సరే ఆంటీ. నోరు మూసి ఉన్నప్పుడే అన్నీ మాట్లాడుకుందాం" అంది.

తర్వాత చూసింది, ఫోటో తీసింది, చల్లటిది తాకించి నరం బతికే ఉందని చెప్పింది. "ఈ పన్ను తప్పేం లేదు ఆంటీ. అటువైపు పళ్లు లేవుగా, వాటి పని కూడా పాపం ఇదే చేస్తోంది" అంది. దీని గురించి నేనేమీ రాయను. నీకు తెలియనిదా.

బాగుచేసే దారులు మూడు చెప్పింది. నేను కుక్కరు కొన్నప్పుడు కొట్టువాణ్ణి ఎలా వేధించానో నీకు గుర్తుందిగా, ఈ అమ్మాయినీ అలాగే వేధించాను. మొదటిది, పన్ను రంగులో ఉండే మెత్తటి ముద్ద. నింపి, నీలం దీపం చూపిస్తే క్షణాల్లో గట్టిపడుతుంది. ఇప్పుడు వెండి సిమెంటు బదులు ఎక్కువగా దాన్నే వాడుతున్నారట, ముందటి రకాల్లా ఆరేటప్పుడు అంతగా కుంచించుకుపోదట. కానీ నాకు ఊడింది చిన్న గుంట కాదు, గోడ. గోడంతా ఆ ముద్దతో కడితే నా నమలుడుకి నిలుస్తుందన్న నమ్మకం తనకి లేదంది. రెండోది జిర్కోనియా. చూడటానికి తెల్లటి పింగాణీ, గట్టిదనంలో ఇనుమే. అయితే దానితో టోపీలాంటి తొడుగు వేయాలంటే పన్నుని చుట్టూ చెక్కాలి, బాగున్న గోడలు కూడా పోతాయి. నాకు మిగిలిందే కొంచెం, దాన్ని కూడా చెక్కించుకోవడమెందుకు అన్నాను. అప్పుడు మూడోది చెప్పింది. గాజు కలిసిన ఒక రకం పింగాణీ. ఊడిన మేరకే ముక్క తయారుచేసి అతికిస్తారు. ఇదివరకు జిగురుకి ఇంత పట్టు లేక పన్నంతా చెక్కి తొడుగేసేవాళ్లట. ఇప్పుడు జిగుళ్లు బాగుపడ్డాయి కనక పన్నుని ముట్టుకోవాల్సిన పని తగ్గిందట.

"చొక్కా మోచేతి దగ్గర చిరిగితే చొక్కా పారేయకుండా మాసిక వేసినట్టా?" అన్నాను.

"అదే ఆంటీ. మాసిక ఎక్కడుందో కూడా కనిపించదు."

"కనిపించినా ఫర్వాలేదు. ఊడకూడదు."

"ఊడదని రాసిచ్చేవాళ్లని మాత్రం నమ్మకండి. ఏళ్ల తరబడి నిలిచినవి చూశాను, తొందరగా విరిగినవీ చూశాను" అంది. ఆ మాటతో ఈ అమ్మాయి నాకు నచ్చింది.

ఇందులో ఒక మెలిక ఉంది వదినా, నీకు సంతోషం కలిగించే మెలికే. పాత సిమెంటు కింద పన్ను పగిలి ఉంది. ఆ పగులు ఎంత లోతుకి పోయిందో సిమెంటు తీస్తే గాని తెలియదు. వేరుదాకా పోయి ఉంటే ఏ పింగాణీ నిలబెట్టలేదు, తీయాల్సిందే. అప్పుడు నువ్వూ మీ తమ్ముడూ గెలిచినట్టే. కానీ అప్పుడైనా "తీసేయండి" అనేది నేనే, ఇంకొకరు కాదు.

ఇక నీ రెండో వాక్యం. నాకేమైంది అన్నావు. చెప్పనా?

మా ఇంటికొచ్చినప్పుడు నువ్వు ఎవరితోనూ కలిసి భోజనానికి కూర్చోవు. "మీరు కానివ్వండి, నాకిప్పుడే ఆకలి లేదు" అంటావు. అందరూ లేచాక వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంటావు. కింది పళ్ల సెట్టు తీసి గ్లాసులో వేసి, ముద్ద మెత్తగా పిసికి మింగుతావు. ఒకసారి నీళ్ల చెంబు కోసం వచ్చి చూశాను. నువ్వు తిరిగి చూసేలోపు వెనక్కి వెళ్లిపోయాను. ఆ రాత్రి మీ తమ్ముడు ఏదో మాటల్లో, చిన్నప్పుడు మా అక్క పచ్చి జామకాయ కొరికితే వీధి చివరిదాకా వినిపించేది అని చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పెట్టుడు పళ్లు నీకు నలుగురిలో నవ్వడానికే వదినా, తినడానికి కాదు.

ఇది నిన్ను నొప్పించడానికి రాయలేదు అని రాయబోయి ఆగాను. కొంచెం నొప్పించడానికే రాశాను. హాయిగా ఉన్నానని ఇంకెవరికైనా చెప్పు, నాకు చెప్పకు.

వచ్చే శుక్రవారం సిమెంటు తీస్తారు.

ఇంకా పన్ను ఉన్న నీ మరదలు,
చిట్టా



ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఒక్కసారిగా రెండు పేజీలు రాసి పంపిన వదినకు,

నీ ఉత్తరానికి జవాబు ఆఖర్న రాస్తాను. ముందు శుక్రవారం సంగతి చెప్పనివ్వు. మళ్లీ వరస తప్పానని నువ్వే అంటావు.

నోరు తెరిచాక అడగొద్దని డాక్టరమ్మకి గొప్పగా చెప్పొచ్చానా, ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే వెలిగింది. పగులు తెలిసేదే నోరు తెరిచి సిమెంటు తీశాక. అంటే అసలు ప్రశ్న వచ్చేది అప్పుడే. ఆ పాత డాక్టరు గదిలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. కాబట్టి ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి. పాత క్యాలెండరు అట్ట ఒకటి కత్తిరించి, ఒకవైపు "ఉంచండి" అని, రెండోవైపు "తీయండి" అని రాశాను. నల్ల సిరాతో, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు. రెండువైపులా నా దస్తూరీయే. సంచీలో పెట్టుకుని వెళ్లాను.

మత్తు ఇచ్చారు. నోటి మీద ఆకుపచ్చ రబ్బరు గుడ్డ పరిచి, చిల్లులోంచి ఆ ఒక్క పన్నునే పైకి తీశారు. జిగురు పట్టాలంటే తడి తగలకూడదట. నేను అట్టని గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. సిమెంటు తీయడం అయ్యాక పన్నుకి ఏదో నీలం సిరా పూసి కడిగింది డాక్టరమ్మ. పగుల్లో సిరా ఆగిపోయింది. చిన్న కెమెరా పెట్టి ఎదురుగా తెర మీద చూపించింది. నా పన్ను అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. గోడ మీద పెన్నుతో గీసినట్టు సన్నటి నీలం గీత, వంకర తిరిగి కిందికి పోతోంది.

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. చూడకుండానే గుర్తుపట్టాను. మీ తమ్ముడు.

డాక్టరమ్మ ఆయన్ని చూసింది కానీ మాట నాతోనే మాట్లాడింది. "ఆంటీ, నేననుకున్నదానికంటే పగులు కిందికి వెళ్లింది. వేరులోకి వెళ్లినట్టు కనిపించడం లేదు. కంటికి కనిపించకుండా వెళ్లి ఉండొచ్చు కూడా. ఉంచితే నిలబడొచ్చు, ఏడాది తిరక్కుండా పోనూవచ్చు. ఇప్పుడే తీసేద్దామన్నా అది తప్పేం కాదు. మీ ఇష్టం."

"మరైతే డాక్టర్..." అన్నారు తలుపు దగ్గర్నుంచి మీ తమ్ముడు.

అట్ట ఎత్తాను. ఉంచండి.

ఆయన ఆగిపోయారు. మళ్లీ ఏదో అనబోయారు. అట్ట ఇంకాస్త పైకెత్తాను. భుజం లాగుతున్నా దించలేదు. తెర మీద నా పన్ను, చేతిలో నా మాట. ఇక చదువుకోవడం తప్ప ఆ గదిలో ఎవరికీ వేరే పని లేదు.

"సరే ఆంటీ" అంది డాక్టరమ్మ. మళ్లీ నా నోటి మీదికి వంగింది.

తర్వాత పని తొందరగానే జరిగింది. కొలతలకి ఇదివరకులాగా నోటినిండా ముద్ద కుక్కలేదు. పెన్నులాంటి కెమెరా పళ్ల చుట్టూ తిప్పితే తెర మీద బొమ్మ తయారైంది. ఊడిన గోడ ఎలా ఉండేదో మిగిలిన పన్ను వాలు చూసి గీసింది. అద్దం అవతల మిషనులో చిన్న దిమ్మ బిగించారు, నీళ్లు చిమ్ముతూ రెండు సన్నటి ములుకులు దాన్ని చెక్కసాగాయి. నోట్లోంచి రబ్బరు గుడ్డ తీసి నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. మీ తమ్ముడు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డారు.

చెక్కడం ఆగింది. ముక్కని బయటికి తీసి పళ్లెంలో పెట్టారు. మీ తమ్ముడు గబగబా లోపలికి వెళ్లారు.

"డాక్టర్ గారూ, ఏదో పొరపాటు జరిగింది. రంగు చూసుకున్నారా? ఇది వంగపండు రంగులో ఉంది. ఇది మా ఆవిడ నోట్లో ఎలా పెడతారండీ?"

నిజంగానే వంగపండు రంగు, వదినా. చిన్న వంకాయ ముక్కలా ఉంది. పొరపాటేనేమో అని నేనూ అనుకున్నాను. కానీ అంత మంచి అవకాశం మళ్లీ రాదు కదా. పెదవి సగం మొద్దుబారి ఉంది. అయినా సరే, కూర్చున్న చోటు నుంచే అన్నాను.

"వెనక పన్నేగా. ఎవరికి కనిపిస్తుంది?"

డాక్టరమ్మ గోడవైపు తిరిగిపోయింది, భుజాలు కదులుతున్నాయి. మీ తమ్ముడు నన్ను చూశారు, పళ్లెంలో ముక్కని చూశారు, మళ్లీ నన్ను చూశారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు. కూర్చున్నాక చెప్పింది డాక్టరమ్మ. ఈ పింగాణీ చెక్కేటప్పుడు మెత్తగా ఇదే రంగులో ఉంటుందట. కొలిమిలో పెడితే లోపల పటికబెల్లంలా కొత్త పలుకులు కట్టి గట్టిపడుతుంది, రంగు కూడా అప్పుడే మారుతుంది. పెట్టింది, తీసింది. వంకాయ ముక్క పన్నయింది. చుట్టుపక్కల పళ్లలాగే కాస్త పసుపు, కాస్త మబ్బు. తెల్లగా తళతళలాడుతూ ఉంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు.

అతికించారు. నీలం దీపం చూపించారు. ఇంటికి నడిచొస్తూ ఆయన్ని అడిగాను, ఎందుకొచ్చారని. "అక్క వెళ్లమంది" అన్నారు. ఏమని వెళ్లమంది అంటే, "నువ్వెప్పుడైనా గోడవైపు తిరిగి అన్నం తిన్నావురా అని అడిగి ఫోన్ పెట్టేసింది. నాకేం అర్థం కాలేదు. ఏమైందో అని వచ్చాను" అన్నారు.

అప్పుడు చెప్పాను. రెండు కుర్చీలు, మధ్యలో తెర, నా నోట్లో దూది. "నాకు గుర్తే లేదు" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే గుర్తు లేదు.

"గుర్తుండటానికి దూది మీ నోట్లో లేదు" అన్నాను.

మా వీధి మలుపు తిరిగాక అడిగారు. "ఆ రోజు ఏం చెప్పబోయావు?"

"అట్ట చూశారుగా."

క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని నేనూ అనలేదు. ఆ రాత్రి మాత్రం మారు వడ్డించుకున్నారు.

ఈ పన్ను ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదు. ఆ గీత ఇంకా కింద ఉంది. ఏడాదిలోనే పోవచ్చు. పోతే పోతుంది, అప్పుడు అట్ట రెండోవైపు తిప్పుతాను. ప్రస్తుతానికి మాత్రం నిన్న మధ్యాహ్నం కూర్చుని, పళ్లెం ముందు పెట్టుకుని, ఒక వేరుశనగ గింజ ఎడమవైపే పెట్టి కొరికాను. టక్‌మంది. ఈసారి గింజే.

ఇప్పుడు నీ ఉత్తరం. చదివి, మడిచి, మళ్లీ చదివాను. నీ పళ్లన్నీ పుచ్చినవి కావని, కింది వరసలో ముందువి గట్టిగానే ఉండేవని రాశావు. సెట్టు సరిగ్గా కూర్చోవాలంటే అవి కూడా తీసేయడమే మంచిదని మీవారు డాక్టరుతో చెబుతుంటే నువ్వు పక్కనే ఉండి తల ఊపానని రాశావు. "హాయిగా ఉన్నానని ఇక నీతో అననులే" అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చాను.

"ఆ డాక్టరమ్మ ముసలి నోళ్లు కూడా చూస్తుందా?" అని అడిగావు. చూస్తుందట, నిన్ననే కనుక్కున్నాను. ఇప్పుడు పెట్టుడు పళ్లకి కూడా కెమెరాతోనే కొలతలు తీసి, పొరలు పొరలుగా మిషను మీద అచ్చు వేయగలుగుతున్నారట. కింది సెట్టు జారకుండా దవడ ఎముకలో రెండు చిన్న మరలు బిగించి, రవికె గుండీలా వాటి మీద నొక్కి పెట్టుకునే పద్ధతి కూడా ఉందట. అయితే ఇన్నేళ్లకి నీకు ఎముక ఎంత మిగిలిందో చూడనిదే ఏ మాటా ఇవ్వనంది. ఏమీ కుదరకపోవచ్చు కూడా. ముందే చెబుతున్నాను, ఆశ పెట్టి పిలవడం లేదు.

సోమవారం బస్సుకి రా. మీ తమ్ముడు స్టాండుకి వస్తారు. ఆయనకి ఇంకా చెప్పలేదు, చెబితే వస్తారు.

ఒక్క మాట మాత్రం కుదరదు వదినా. "నాకేం కావాలో ఆవిడకి నువ్వే చెప్పు, నీకివన్నీ తెలుసు కదా" అని రాశావు. చెప్పను. మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటాను, కుర్చీ పక్కన నిలబడతాను, నీకర్థం కానిది ఎన్నిసార్లయినా అడిగి చెప్పిస్తాను. నీ బదులు మాత్రం నోరు విప్పను. నువ్వెంత బతిమాలినా, ఎంత తిట్టినా సరే.

ఈ ఉత్తరంతో పాటు క్యాలెండరు అట్ట ముక్క ఒకటి పంపుతున్నాను. రెండువైపులా ఖాళీయే. ఏం రాయాలో నువ్వే ఆలోచించుకుని, నీ గుండ్రటి అక్షరాలతో పెద్దగా రాసుకుని తీసుకురా.

నీ మరదలు,
చిట్టా